మొదటి పేజీలో మేస్త్రమ్మ

"అంటే, మన గొప్ప మనం చెప్పుకుంటే సాలదా?" చేటలో మినపప్పు ఏరుతూ అడిగింది పచ్చయమ్మ.

"సాలదత్తా," అంది కోడలు అంబిక. " సంబంధం చూసేటప్పుడు పెండ్లికొడుకు మాట ఎవురు నమ్ముతారు? పక్కింటోళ్ళని కదా అడుగుతారు! గూగులూ అంతే. వేరేవాళ్ళ సైట్లల్లో మన బ్లాగు లింకు ఉంటేనే నమ్మి, మనల్ని ముందర చూపిస్తాది. దాన్నే బ్యాక్‌లింకు అంటారు."

"అయితే నువ్వు వాళ్ళని పొగుడు, వాళ్ళు నిన్ను పొగుడుతారు. సరిపాయె."

"అది కుండమార్పిడి సంబంధం అత్తా. గూగులు కనిపెట్టేస్తాది."

పచ్చయమ్మ మూతి తిప్పింది. "ఇంత తతంగం దేనికమ్మా? సుమ్మా, ఊరికే టైము దండగ. గంగమ్మ సిరసు పండగ లోపల నీ బ్లాగు గూగుల్లో ముందర రాకపోతే, మూసిపెట్టి అగ్గిపెట్టెల కంపెనీకి పో."

గుడియాత్తంలోని ఆ ఇంట్లో అత్త మాటంటే మాటే. అంబిక మొగుడు సురేంద్రన్, ఇళ్ళు కట్టేచోట పదిమందిని అదిలించే మేస్త్రీ, తల్లి ముందు మాత్రం ఇటుకలందించే కూలీ. భార్య వైపు జాలిగా చూసి, చొక్కా తగిలించుకుని పనికి పోయాడు.

అంబిక బ్లాగు పేరు 'మేస్త్రమ్మ'. ఇంట్లో మాట తెలుగైనా, చదువుకున్నదీ రాసేదీ తమిళమే. చెమ్మెక్కే గోడలు, కారే డాబాలు, నెర్రెలిచ్చిన గచ్చులు, ఇలా చిన్న ఇళ్ళవాళ్ళ బాధలన్నిటికీ మొగుణ్ణి గుచ్చి గుచ్చి అడిగి జవాబులు రాబట్టేది. పెళ్ళికి ముందు తను గోడలకు నీళ్ళు కొట్టిన రోజుల అనుభవం కాస్త కలిపి రాసేది. ఆరేళ్ళ కాపురంలో ఇది నాది అని చెప్పుకోవడానికి ఆమెకున్నది అదొక్కటే. అది పోతుందంటే ఏడుపొచ్చింది.

"మూసేయమనే ముందు ఒక్కసారన్నా చదివి చూడరాదా అత్తా?"

"చదివే ఓపిక నాకు యాడుండాది తల్లీ!"

నిజమే. మధ్యాహ్నం కాగానే కళ్ళద్దాలు తగిలించుకుని ఫోనులో సీరియల్ చూసుకోవడంతోనే ఆవిడకు సరిపోయేది. మనవరాలు నిద్ర లేస్తుందని సౌండు కూడా పెట్టేది కాదు.

అంబిక తన చిన్నాన్న కూతురు వల్లికి ఫోను చేసింది. వల్లి వేలూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతుంది.

"ఊరికే లింకు పెట్టమంటే ఎవురు పెడతారక్కా? వాళ్ళకి పనికొచ్చేది ఏదైనా రాసియ్యి. కండిప్పగా, తప్పకుండా పెడతారు."

అంతే, మేస్త్రమ్మ షేర్ ఆటో ఎక్కింది. లుంగీలు నేయించి అమ్మే దొరై సైటు కోసం, మగ్గం గుంతలో చెమ్మ ఎక్కకుండా ఏం చేయాలో రాసిచ్చింది. దొరై అది చదివి, "మా తాత కాలం నుంచి ఆ గుంతలో కాళ్ళు జివ్వుమంటానే ఉండాయి. ఇన్నాళ్ళూ యాడుంటివమ్మా?" అని అక్కడికక్కడే లింకు పెట్టించాడు. అణైకట్‌లో సేద్యం గురించి బ్లాగు రాసే శేషాద్రికి, నీళ్ళతొట్టి కారకుండా పూత పూసే పద్ధతి చెప్పింది. ఆయన లింకుతో పాటు ఒక సంచెడు వేరుశనక్కాయలు కూడా ఇచ్చాడు. తిరుపత్తూరు టైల్స్ కొట్టాయన ఒకడు మాత్రం రాసిచ్చింది పుచ్చుకుని, లింకు పెట్టకుండా ముఖం చాటేశాడు. వారం రోజులు వరసగా ఫోను చేసి, ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరి మరీ పెట్టించింది.

పండగ ముందురోజుకు తొమ్మిది లింకులయ్యాయి. పరీక్షకు వేళైంది.

"నీ ఫోన్లో చూడొద్దక్కా," అని వల్లి ముందే హెచ్చరించింది. "పొద్దస్తమానం తెరిచే పేజీ కదా, ఆ ఫోను దాన్నే ముందర చూపిస్తాది. నీ బ్లాగు ఎప్పుడూ తెరవని ఫోన్లో చూడు."

సురేంద్రన్ ఫోనూ పనికిరాదు. ఇల్లు కట్టించుకునే ప్రతివాడికీ దాంట్లోనే పెళ్ళాం రాతలు చూపిస్తుంటాడు.

"ఇంకేముంది, అమ్మ ఫోనే!" అన్నాడతను.

"దాంట్లో చార్జు లేదు," అంది పచ్చయమ్మ, ఫోను కొంగు చాటుకు లాక్కుంటూ.

కొడుకు బతిమాలి తీసుకుని చూస్తే తొంభై శాతం ఉంది. ఓడిపోతానని అత్తకు అప్పుడే భయం పట్టుకుందని అంబిక లోలోపల నవ్వుకుంది. 'గోడ చెమ్మకు మందు' అని తమిళంలో కొట్టింది.

పేజీ తెరుచుకుంది. అన్నిటికన్నా పైన, మొట్టమొదట, 'మేస్త్రమ్మ'!

సురేంద్రన్ ఈల వేశాడు. అంబిక కూతుర్ని ఎత్తుకుని గిర్రున తిరిగింది. పచ్చయమ్మ ఫోను దగ్గరగా పెట్టుకుని ఒకసారి, దూరంగా పెట్టుకుని ఒకసారి చూసింది.

"సరే, గెలిచినావు. రాసుకో పో," అంది. మరుక్షణం చెప్పులు తొడుక్కుని వీధిలోకి నడిచింది. "మా కోడలు గూగుల్లో ఫస్టు వచ్చినాదే!" అని ఆవిడ ఇంటింటికీ చెబుతున్న గొంతు చివరింటి దాకా వినిపించింది. ఆ సాయంత్రం అడక్కుండానే పాయసం కూడా కాచింది.

పాయసం తాగుతూనే అంబిక వల్లికి ఫోను చేసింది. వల్లి సెంటర్లో వరసగా మూడు కంప్యూటర్లలో వెతికి చూసింది.

"నాలుగో పేజీలో ఉండాదక్కా. ఏ ముప్పయ్యో పేజీలోనో పడి ఉండింది, నాలుగుకి వచ్చినాదంటే నీ లింకులు పనిచేసినట్టే."

"నాలుగేంది? మొట్టమొదట వచ్చినాది! కండ్లారా చూసినా!"

"ఎవురి ఫోన్లో చూస్తివి?"

"మా అత్త ఫోన్లో."

వల్లి పకపకా నవ్వింది.

"అక్కా, మీ అత్త నీ బ్లాగు రోజూ చదవతా ఉండాది."