కోసేసిన ప్లగ్గు

“అయ్యయ్యో! ఏం చేస్తున్నావయ్యా?”

పెద్దక్క అరిచేలోపే కటుక్కుమంది. పెద్ద ఇస్త్రీపెట్టె ప్లగ్గు తెగి నేలమీద పడింది.

ఆ కుట్టుపని షెడ్డులో అందరికీ ఆమె పెద్దక్కే. సాయంత్రానికల్లా ఆసుపత్రి నర్సుల యూనిఫారాలు అందించాలి. ఆలస్యమైతే ఆ పని ఇంకో షెడ్డుకి పోతుంది, ఇక్కడి ఆడవాళ్లంతా ఇంట్లో కూర్చోవాల్సిందే. పొద్దుటి నుంచి ఆమె కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఇప్పుడిది గోరుచుట్టు మీద రోకటిపోటు.

“ఈ పెట్టె పనికిరాదమ్మా,” అన్నాడు ముసలాయన. “లోపల తీగ కాలింది. కరెంటు పైరేకులోకి వస్తోంది. ఇలాంటిది మళ్లీ ఎవరూ వాడకుండా ప్లగ్గు కోసెయ్యాలి.”

కాసేపటి క్రితం భుజాన సంచీతో వచ్చి, “పరీక్షకొచ్చానమ్మా” అన్నాడాయన. కరెంటు సామాన్లు పరీక్షించే కంపెనీ మనిషి ఏటా వస్తాడు కాబట్టి, ఎవరివని ఎవరూ అడగలేదు.

“పోయినేడు మీవాళ్లే బాగుందని చీటీ అంటించారు. కళ్లు కనబడట్లేదా?”

ముసలాయన ఆ పచ్చచీటీ వైపు చూడలేదు. ఇస్త్రీ చేసే అమ్మాయి వైపు తిరిగాడు.

“ఎప్పుడైనా చేతికి జిల్లుమందా తల్లీ?”

ఆ అమ్మాయి పెద్దక్కకి సొంత చెల్లెలు. అక్క ముఖం చూసి, తల దించుకుంది.

“రబ్బరు చెప్పులేసుకుంటే ఏం కాదండీ.”

ఆ షెడ్డులో అదొక ఆనవాయితీ. పెద్దపెట్టె పట్టేవాళ్లు ముందు రబ్బరు చెప్పులు తొడుక్కోవాలి. పెట్టె బాగుచేయించడం కంటే చెప్పులేసుకోవడం తేలిక కదా!

“అంటే తెలుసన్నమాట,” అన్నాడాయన మెల్లగా.

పెద్దక్కకి ఒళ్లు మండింది. ఆ మాట నిజం కావడంతో ఇంకా మండింది. వెంటనే కంపెనీకి ఫోన్ చేసింది.

“మావాడు ఇప్పుడే బయల్దేరాడండీ. ఇంకెవరినీ పంపలేదే!” అన్నారు అవతలి నుంచి.

“ఓరి నాయనో! ఉన్నవి కోసేసి కొత్తవి అమ్మించే బేరమా? ఎంతిస్తున్నాడయ్యా ఆ కొట్టువాడు?”

“నేను కంపెనీ మనిషినని చెప్పలేదమ్మా.”

“మరెవరివి?”

ఆయన చూపు తిప్పుకుని సంచీ సర్దుకోసాగాడు.

ఇంకేం కావాలి? వాచ్‌మన్ రెక్క పట్టుకుని లాగాడు. ఒకామె సంచీ లాక్కుంది. తోపులాటలో నీళ్ల బకెట్టు తిరగబడి, నేలంతా తడిసిపోయింది.

“సంచీలో పరీక్ష మీటరుంది, ఉంచేసుకోండి,” అన్నాడాయన గేటు అవతలి నుంచి. “మీకు దండం పెడతాను, ఆ పెట్టె మాత్రం ముట్టుకోకండి!”

“మన పెట్టె మీద ఎంత ప్రేమో!” అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

పెద్దక్కకి నవ్వే తీరిక కూడా లేదు. మూలన పడున్న పాత ఫ్యాను ప్లగ్గు ఊడదీసి, పెట్టె తీగకి తనే బిగించింది. లోపల తీగలు మూడు, ప్లగ్గుకి కాళ్లు రెండు. మిగిలిన ఎర్తు తీగను మడిచి టేపు చుట్టేసింది.

“చెప్పులు కనబడట్లేదక్కా,” అంది చెల్లెలు తడినేల మీద నిలబడి.

“తర్వాత వెతుక్కుందువుగానిలే! ముందు పెట్టె పట్టు!”

చెల్లెలు చెయ్యి చాచింది.

“ఆగండి!”

గుమ్మంలో కంపెనీ కుర్రాడు. ఒక్క అంగలో వచ్చి గోడమీది స్విచ్చి ఆపేశాడు. ప్లగ్గు లాగి, పెట్టెకి తన మీటరు తగిలించాడు. అది కుయ్యోమంటూ అరిచింది.

“పట్టుకునుంటే మనిషి దక్కేది కాదండీ.”

పెద్దక్క చెల్లెల్ని గట్టిగా పట్టుకుని అక్కడే కూలబడింది.

“ఇందాక ఒకాయన దీని ప్లగ్గు కోసేశాడు బాబూ... దొంగనుకుని తరిమేశాం.”

“తెల్లగడ్డం, భుజాన సంచీ?”

“నీకు తెలుసా?”

“మా కంపెనీలో తెలియనివాళ్లు లేరు. చాలా చోట్లకి మాకంటే ముందే వచ్చి వెళ్లిపోతాడు.”

పెద్దక్క సంచీ తీసుకుని రోడ్డుమీదకి పరుగెత్తింది. ఆ చివరిదాకా చూసింది, ఈ చివరిదాకా చూసింది. ఆయన లేడు. ఉత్త చేతులతో పంపించామే అని ఆమె మనసు చివుక్కుమంది. సంచీ గుండెకి హత్తుకుని తిరిగొచ్చింది.

“ఎవరు బాబూ ఆయన?”

“పోయినేడు మీకు పరీక్ష చేసినవాడు గుర్తున్నాడా?”

“ఎందుకు లేడు? చిటికెలో ముగించి వెళ్లాడు. బంగారంలాంటి పిల్లాడు.”

“మీటరు బయటికి తియ్యకుండానే చీటీలు అంటించుకుంటూ పోయాడండీ, వెళ్లిన ప్రతిచోటా. ఒక లాండ్రీలో ఇలాంటి పెట్టే పట్టుకుని ఒకామె చనిపోయింది. వాడు జైల్లో ఉన్నాడు.”

“మరి మీరు మళ్లీ వచ్చి చూడలేదేం?”

కుర్రాడు తల గోక్కున్నాడు. “చూడాలనే అనుకున్నారు మా పైవాళ్లు. ఏడాది వంతు వచ్చినప్పుడు చూద్దాంలే అన్నారు.”

షెడ్డులో ఒక్క కుట్టుమిషనూ కదలలేదు. యూనిఫారాల సంగతి పెద్దక్కకి కూడా గుర్తురాలేదు.

“మరి ఈ పెద్దాయన?”

“వారం వారం జైలుకెళ్లి, ‘ఇంకా ఎక్కడెక్కడికి వెళ్లావురా’ అని వాణ్ణి అడిగి తెలుసుకుని, ఒక్కో గుమ్మమే ఎక్కుతున్నాడండీ వాళ్ల నాన్న.”