ఏం చూశావ్ అమ్మాయ్?

దుర్భిణి, కెమెరా అద్దాలు తుడవాలి. సీసాలో నీళ్ళు నింపాలి. ఇసుకలో గుడ్లు తొక్కకుండా, దారి పొడవునా గుంజలకు కట్టిన తాడు వెంటే నడవాలి. అన్నిటికన్నా ముందు, ఆ పెద్దాయన లేవకముందే బయల్దేరాలి.

ఆమె తలుపు తీసింది. పెద్దాయన అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో ఉన్నాడు.

“పద అమ్మాయ్, గుడారం దాకా నేనూ వస్తా.”

ఆమెకు ఒళ్ళు మండింది.

వేసవి వస్తే ఆ చిన్న ద్వీపమంతా తెల్ల పక్షులే. గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చే ఫొటో తెస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు ఆఫీసులో. వాళ్ళింట్లో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. నాన్న అప్పుడే అందరికీ చెప్పేసుకున్నాడు కూడా.

మధ్యలో ఈయనెవరు? ఆఫీసు మనిషి కాదు. మెడలో దుర్భిణి ఉండదు. తాడు పట్టుకుని, పక్షుల్ని చాటుగా చూసే గుడారం దాకా వస్తాడు. ఆమె లోపల దాక్కోగానే వెళ్ళిపోతాడు. ఆయన అటు వెళ్ళాడో లేదో, పక్షులు ఇటు గుడ్ల మీదికి దిగుతాయి.

“సారు అడుగు పెడితే చాలు, పేరంటానికి పిలిచినట్టు దిగుతాయమ్మా!” అనేవాడు పడవవాడు.

ఆ మాట ఆమెకు కారం రాసినట్టుండేది.

పైగా సాయంత్రమైతే పక్కన చేరి అదే ప్రశ్న: “ఇవాళ ఏం చూశావ్ అమ్మాయ్?”

నా కష్టం కొట్టేద్దామనే! అనుకునేది. “ఏముంది చూడ్డానికి?” అని ముఖం తిప్పుకునేది.

నిన్ననే ఒక గుడ్డు మీద పగులు కనిపించింది. ఇవాళ ఆమె ఇక ఆగలేకపోయింది.

“మీరు రావద్దు.”

“అది కాదమ్మాయ్, ఇద్దరం వెళ్ళి ఒకరం తిరిగొస్తేనే...”

“నాకు పాఠాలొద్దు. చదువుకునే వచ్చాను. నా పక్షుల్ని నాకొదిలేయండి.”

పెద్దాయన గోడ పట్టుకుని పక్కకు జరిగాడు.

“సరే తల్లీ,” అన్నాడు. పొద్దుటి పడవకే వెళ్ళిపోయాడు.

ఆమె ఒంటరిగా గుడారంలో కూర్చుంది.

పక్షులు దిగలేదు. గుడారం చుట్టూ తిరుగుతూ ఒకటే గోల. ఎండకు గుడ్లు కాలిపోతున్నాయి. పగిలిన గుడ్డు వైపు ఒక పీత పాక్కుంటూ వచ్చింది. ఆమె బయటికి ఉరికి దాన్ని తరిమింది. ఏడుపు ముఖంతో రేవుకి వచ్చింది.

అప్పుడే తిరిగొచ్చిన పడవవాడు చూశాడు. “ఒక్కరే వెళ్ళారా? పదండి.”

ఆమెను గుడారంలో కూర్చోబెట్టి, గట్టిగా దగ్గుకుంటూ వెనక్కి నడిచాడు.

పక్షులు దిగాయి. తడి రెక్కలతో పిల్ల బయటికొచ్చింది. ఫొటో దక్కింది.

“ఎలా దిగాయన్నా?”

“వాటికి లెక్క రాదమ్మా. ఇద్దరొచ్చి ఒకడు పోతే, అందరూ పోయారనుకుంటాయి. సారు ఆ గుడారంలో కూర్చునే రోజుల్లో తోడొచ్చి తిరిగెళ్ళింది నేనే.”

“మరిప్పుడు ఆయనెందుకు కూర్చోరు?”

“మీకు తెలీదా?” పడవవాడు వింతగా చూశాడు. తర్వాత చెప్పాడు.

ఆమె గబుక్కున లేచింది. “పడవ తియ్యన్నా. ఆయనకు అంతా చెప్పాలి. పిల్ల ముక్కు ఏ రంగో కూడా చెప్పాలి.”

“ఎక్కడని వెతుకుతాం? బస్సెక్కేశారు. ఏ ఊరో చెప్పలేదు.”

ఆ ఫొటో ఎప్పుడైనా మీ కంటపడితే, చూపు పోయాక తన పక్షుల్ని ఆమె మాటల్లోనైనా చూద్దామని వచ్చిన ఆ మనిషిని ఒక్కసారి తలచుకోండి.