కలానికి పదును

జర్మన్ పాటలను ఇటాలియన్‌లోకి తెచ్చే, పత్రికకు కచేరీల సమీక్షలు రాసే సంగీత పండితుడు ఎత్తోరే. స్వరం సాగే చోట నోరు బాగా తెరుచుకునే మాటే పడాలని ఆయన పట్టు. అందుకని రాసిన ప్రతి చరణాన్నీ వంటింట్లో భార్య అమాబిలే చేత పాడించి, ఆమె నోటికేసి చూస్తూ దిద్దుకునేవాడు.

ఆ ఉదయం జలుబుతో ఆమె గొంతు పూర్తిగా పోయింది. పొయ్యి మీద పోలెంటా, మొక్కజొన్న సంకటి, కలుపుతూ, ఆటపట్టిద్దామని ఉత్త పెదవులే ఆడించింది.

“ఇవాళ ఎంత బాగా పాడావే!” అన్నాడు.

గరిటె ఆగిపోయింది. “ఎప్పటినుంచి?” అంది, శబ్దం లేకుండానే.

“పోయిన చలికాలం నుంచి. పత్రికవాళ్లకు చెప్పకు. కచేరీల మీద రాయనివ్వకపోతే నేనింకెందుకు?”

“చెవులున్నప్పుడు మాత్రం నా మాట విన్నావా ఏంటి?”

అప్పటినుంచి కచేరీలకు ఇద్దరూ వెళ్లేవారు. ఇంటికొచ్చాక ఎదురుగా కూర్చుని, ఫిడేలు ఎక్కడ తడబడిందో, గాయని ఎక్కడ కీచుమందో ఆమె చెప్పేది, ఆయన రాసేవాడు. పెద్దతనంలో ఎత్తోరే కలానికి పదునొచ్చిందని టురిన్ అంతా మెచ్చుకుంది. తిట్లు తిన్న గాయనులు కొందరు ఆ ఊరు రావడమే మానుకున్నారు.

గాయని అద్భుతంగా పాడిన రోజున కూడా అమాబిలే పెదవి విరిచేది. ఏం పోగొట్టుకుంటున్నాడో ఆయనకు తెలియనివ్వకూడదని.