నీటిమట్టం

"ఇటు నలభై ఒకటి. అటు... అటూ నలభై ఒకటే!"

చేతులు రెండోసారి లెక్కపెట్టిన కార్యదర్శి కుర్చీలో కూలబడ్డాడు. నదీ పరిశోధకుల సంఘం నిట్టనిలువునా రెండుగా చీలిపోయింది. సరిహద్దు అవతలి దేశంలో ప్రభుత్వం, ప్రశ్నించిన పరిశోధకులను జైళ్ళలో పెడుతోంది. కాబట్టి ఆ దేశపు విశ్వవిద్యాలయాలను బహిష్కరించాలి, అక్కడివాళ్ళెవరినీ వార్షిక సదస్సుకు పిలవకూడదు, వాళ్ళతో కలిసి ఏమీ రాయకూడదు. ఇదీ తీర్మానం. ఓట్లు సమానమైతే తేల్చవలసింది అధ్యక్షురాలు.

అందరి కళ్ళూ ఆవిడ మీద పడ్డాయి. ఆవిడ కళ్ళు మాత్రం బల్లమీదున్న ఆహ్వానితుల జాబితాలో మూడో పేరు దగ్గరే ఆగిపోయాయి.

ఆ మూడో పేరాయనది అవతలి దేశం. ఇద్దరిదీ ఒకే నది. ఎగువన నీటిమట్టం ఈవిడ కొలుస్తుంది, దిగువన ఆయన కొలుస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఇద్దరి అంకెలూ కలిపి ఒకే పట్టిక. ఎదురుపడేది మాత్రం ఏటా సదస్సు జరిగే ఐదు రోజులే. మిగతా రోజులన్నీ ఉత్తరాలు. ఆయనకో పిచ్చి ఉంది. సంతకం కింద తేదీ వేసి, తేదీ పక్కన ఆ పొద్దుటి నీటిమట్టం కూడా వేస్తాడు. "పెళ్ళి రిజిస్టరులో కూడా వేస్తారా ఏమిటి?" అని ఈవిడ ఒకసారి ఆటపట్టించింది. "ముందు ఎవరైనా ఒప్పుకోవాలి కదండీ" అని జవాబొచ్చింది. కింద తేదీ, తొమ్మిదడుగుల రెండంగుళాలు. ఆ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివిందో, అన్నీ లెక్కపెట్టే ఆవిడకే లెక్క తెలియదు.

మూడు నెలల కిందటి ఉత్తరంలో మరో మాట ఉంది. "త్వరలో మిమ్మల్ని ఒకటి అడుగుతాను. కాదనకూడదు." సదస్సులోనే అడుగుతాడనుకుంది. యాభై నాలుగేళ్ళ వయసులో వెళ్ళి కొత్త కళ్ళజోడు కొనుక్కుంది. "ఎవరికోసమే అక్కా?" అని చెల్లెలు నవ్వితే, "చూపు తగ్గిందే" అంది. తగ్గలేదు.

"ఇంకా ఆలోచించేదేముంది మేడమ్?" తీర్మానం పెట్టిన లెక్చరర్ లేచింది. ఒకప్పుడు ఈవిడ విద్యార్థినే. ఇప్పుడు సంఘంలో అందరూ టపాకాయ అంటారు. "బహిష్కరించమంటున్నది మనం కాదు, అక్కడివాళ్ళే. ఏడుగురు ప్రొఫెసర్లు రాసి పంపారు. 'మీరు మమ్మల్ని పిలిచినన్నాళ్ళూ ఇక్కడంతా బాగుందని మా ప్రభుత్వం మీ సదస్సు ఫోటోలే చూపిస్తోంది. దయచేసి పిలవకండి' అన్నారు."

"ఆ ఏడుగురూ ఎవరో కాస్త చెప్పు మరి!" అన్నాడు ముందు వరసలోంచి పెద్దాయన. ఎదుటివర్గానికి నాయకుడు ఆయనే.

"పేర్లు బయటికొస్తే జైలే సార్. సంతకాలు వేరే కవర్లో పెట్టి అంటించారు. అధ్యక్షురాలు తప్ప ఎవరూ విప్పకూడదని పైన రాసుంది. నేనూ విప్పలేదు."

"విప్పకూడదట! ఏడు పెన్నులు కొనుక్కొచ్చి నువ్వే గీకేసి ఉంటావు." హాలు గొల్లుమంది. పెద్దాయన వేదికవైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వే చూసి చెప్పు. దొంగ సంతకాలని తేలిందా, తీర్మానం బుట్టదాఖలు. ఇక నీ ఓటుతో పనే లేదు."

ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. దొంగవే అయితే ఎంత బాగుండు! అలా అనుకున్నందుకు సిగ్గేసింది. అయినా ఆశ పోలేదు. ఏడాదికి ఐదంటే ఐదు రోజులు, అవి కూడా లాక్కుంటారా? టీ విరామంలో కిటికీ పక్కన ఇద్దరూ నిలబడటం, చక్కెర ఎక్కువైందని ఆయన సణగడం, చివరి రోజు రైలు కదిలేదాకా పెట్టె పక్కనే నిలబడి పట్టిక గురించి మాట్లాడుకోవడం. అవును, పట్టిక గురించే. ఇరవై రెండేళ్ళూ పట్టిక గురించే మాట్లాడుకున్నారు, ఇద్దరు మహామేధావులూ.

"ఇలా ఇవ్వమ్మా" అంది.

కవరు చింపి కాగితం మడత విప్పింది. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"ఏమ్మా, దొంగవేనా?"

"కాదండీ. నిజమైనవే."

"అంత గట్టిగా ఎలా చెప్తావ్?"

"అది చెప్పలేను."

"చెప్పకపోతే ఎలాగమ్మా? మాకూ తెలియాలిగా!"

"చెప్తే ఎవరివో తెలిసిపోతుంది. నామీద నమ్మకముంటే నమ్మండి." గ్లాసెత్తి రెండు గుక్కల నీళ్ళు తాగింది.

"సరేలే, నమ్మాం. నీ ఓటు చెప్పు." పెద్దాయన ధీమాగా కాళ్ళు చాపుకున్నాడు. ఆవిడ ఎటు వేస్తుందో ఆయనకు తెలుసు. మూడో పేరు సంగతి హాల్లో టీ అందించే మనిషికి కూడా తెలుసు. టపాకాయ అప్పటికే మొహం వేలాడేసుకుని కాగితాలు సర్దుకుంటోంది.

అధ్యక్షురాలు లేచి నిలబడింది.

"తీర్మానానికి అనుకూలం."

హాలంతా గగ్గోలైపోయింది. టపాకాయ కళ్ళప్పగించి చూస్తుండిపోయింది. "ఏం చేశావమ్మా! నీకేమైనా మతి పోయిందా?" అని పెద్దాయన వేదిక దాకా వచ్చేశాడు. ఆవిడ ఆహ్వానితుల జాబితా ముందుకు లాక్కుని, స్కేలు పెట్టి, మూడో పేరు మీద తిన్నగా గీత కొట్టింది.

సంతకాల కాగితం ఎవరి చేతికీ చిక్కకూడదు, చింపెయ్యాలి. చింపేముందు బల్లకింద పెట్టుకుని ఇంకొక్కసారి చూసుకుంది.

మొదటి సంతకం కింద తేదీ, తేదీ పక్కన పదకొండడుగుల నాలుగంగుళాలు.