ఆవిడకేటి లాభం

వాన జోరుగా కురుస్తుండగా ఒక స్కూటీ నరసింగరావు పిండి దుకాణం ముందు ఆగింది.

దిగింది యాభై దాటిన ఆవిడ. వానకోటు టోపీ వెనక్కి తోసుకుని, దుకాణం వైపు కాకుండా మేడ మీంచి దిగే గొట్టం వైపు చూసింది.

"అన్నయ్యా, ఈ నీళ్లన్నీ ఎక్కడికి పోతున్నాయి?"

"కాలవలోకి. వాన నీళ్లు ఇంకెక్కడికెళ్తాయమ్మా? ఇడ్లీ పిండి ఇమ్మంటావా, దోసె పిండా?"

"వేసవొస్తే నీ బోరు ఎండిపోతోంది కదా?"

నరసింగరావు గ్రైండరు ఆపాడు. పుండు మీదే పడింది ఆవిడ చెయ్యి.

భిలాయి శివారు కోహ్కాలో ఆ వీధంతా స్టీలు ప్లాంటులో చేసి రిటైరైనవాళ్లదే. క్వార్టర్లలో ఉన్నన్నాళ్లు కుళాయి తిప్పితే నీళ్లొచ్చేవి. సొంత ఇళ్లు కట్టుకున్నాక ఎవరి బోరు వాళ్లు వేసుకున్నారు. అందరూ తోడేవాళ్లే, తిరిగి పోసేవాడు లేడు.

పోయిన వేసవిలో బోర్లన్నీ బురద కక్కాయి. నరసింగరావు ట్యాంకరు కోసం చూసి చూసి దుకాణం మూసుకున్నాడు. అలవాటైన గిరాకీ ప్యాకెట్ పిండికి మళ్లింది. ఇంకో వేసవి అలాగే గడిస్తే గ్రైండర్లు అమ్ముకోవాల్సిందే.

"బోరు పక్కన గుంట తవ్వు. మేడ నీళ్లు దాన్లోకి మళ్లించు. అడుగున రాళ్లు, పైన కంకర, ఆ పైన ఇసక. నీళ్లు వడకట్టుకుంటూ కిందికి దిగుతాయి," అందావిడ.

"గొట్టాలు నువ్వే అమ్ముతావా?"

"లేదు."

"అమ్మేవాడు కమీషనిస్తాడా?"

"లేదన్నయ్యా."

"అయితే వార్డు ఎలక్షనుకి నిలబడతావన్నమాట."

ఆవిడ నవ్వింది. "వీధిలో అందరికంటే ఎక్కువ తోడేది నువ్వే. నువ్వు చేస్తే మిగతావాళ్లు చూసి చేస్తారు."

ఆవిడ వెళ్లాక నరసింగరావు భార్యతో అన్నాడు. "లాభం లేనిదే ఎవరైనా వానలో తడుస్తారేటి? ఏదో ఉంది."

"ఉంటే ఉండనీ. ఆవిడ లాభం ఆవిడది, మన నీళ్లు మనయి. తవ్వించు," అంది భాగ్యరేఖ. బేరంలో ఆమె మొగుడికంటే రెండాకులు ఎక్కువే చదివింది.

గుంట తవ్వించాడు. కంకర దగ్గరికొచ్చేసరికి చెయ్యి బిగిసింది.

భిలాయిలో పల్లం పూడ్చాలంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది స్లాగే. ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం అది. రోడ్డు కింద అదే, పునాది కింద అదే. తెలిసిన లారీవాడు ఊరికే పోసి వెళ్లాడు. చూపుకి కంకరకీ దానికీ తేడా లేదు.

మర్నాడు ఆవిడ వచ్చి గుంటలోకి తొంగిచూసింది.

"స్లాగ్ వేశావా?"

"రాయే కదా. ప్లాంటోళ్లం, మాకు తెలీదేటి?"

"దీన్లో సున్నం ఉంటాది. నాని నాని బోరులోకి దిగితే నీళ్లు చెడతాయి. ఆ నీళ్లతోనే పిండి రుబ్బుతావా?"

"కూలీలు వెళ్లిపోయారమ్మా."

ఆవిడ కొంగు దోపుకుని గుంటలోకి దిగింది. నరసింగరావుకి తట్ట అందుకోక తప్పలేదు. సాయంత్రానికి స్లాగంతా బయటపడింది. కంకర వచ్చాక ఆవిడే లోపల కూచుని పొరలు పరిచింది.

భాగ్యరేఖ టీ తాగమంటే, "ఇంకో ఇంటికెళ్లాలి వదినా" అంటూ స్కూటీ ఎక్కింది.

"పేరైనా అడగలేదే నువ్వు?" అంది భాగ్యరేఖ.

"అడిగితే చుట్టమైపోద్ది. చుట్టమైతే పిండి ఊరికే ఇవ్వాలి."

వానాకాలం ముగిసేసరికి వీధిలో దాదాపు ప్రతి బోరు పక్కనా ఒక గుంట వెలిసింది. ఆవిడ మళ్లీ కనపడలేదు.

మే నెల వచ్చింది. తెల్లారగానే నరసింగరావు మోటారు మీట నొక్కి గొట్టం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

గొట్టం ఒకసారి దగ్గింది.

తర్వాత నీళ్లు దబదబా తొట్టిలో పడ్డాయి. దోసిట పట్టి నోట్లో పోసుకున్నాడు. బురద లేదు, వాసన లేదు. తొట్టి నిండి పొర్లేదాకా మీట కట్టెయ్యడం మరిచిపోయి అలాగే చూస్తూ నిలబడ్డాడు.

ఆ వేసవిలో దుకాణం ఒక్కపూటైనా మూతపడలేదు. ప్యాకెట్లకు మళ్లినవాళ్లు గిన్నెలు పట్టుకుని తిరిగొచ్చారు.

"ఆవిణ్ణి పిలిచి కడుపునిండా అన్నం పెట్టాలి," అంది భాగ్యరేఖ. వీధిలో ఎవరినడిగినా ఊరూ పేరూ తెలీదన్నారు.

ఒకరోజు సురేశ్ ఆటో ఆపి పిండికొచ్చాడు. పోయినేడు దాకా ఈ వీధికి ట్యాంకరు తోలింది అతనే.

"ఏటి సురేశూ, ట్యాంకరేదీ?"

"బిక్ గయా మామా. అమ్మేశారు. ఈ వీధిలో ఎవరూ పిలవట్లేదు, పక్క వీధిలోనూ అంతే."

నరసింగరావు నవ్వాడు. "మా గుంటలు మీ సేఠ్‌ని ముంచేశాయన్నమాట."

"ముంచడమేంటి మామా, గట్టెక్కించాయి. ఉతై ఊళ్లో ట్యాంకరు నింపే మా బోరు తోడీ తోడీ చుట్టూ ఊరోళ్ల చేతి పంపులు ఎండిపోయినై. మనం మానేస్తే ఈ వీధోళ్లు ఇంకో ట్యాంకరు పిలుస్తారు, అది ఇంకో ఊరిని ఎండబెడతాది అని ఓనరుకి ఒకటే టెన్షన్. ఇప్పుడా పంపుల్లో నీళ్లొస్తున్నై. బండి అమ్మేసి, హాయిగా విశాఖలో కూతురి దగ్గరికెళ్లిపోయారు."

నరసింగరావు పిండి తూచడం ఆపాడు. "సొంత బేరం పోయిందని సంతోషించే సేఠ్ కూడా ఉంటాడేటి? ఎవడ్రా ఆయన?"

"సేఠ్ కాదు మామా, మీ గుంటలో కూచుని కంకర పరిచిన కుముదిని దీదీ."