చిల్లు పెన్నీ

"నడుమ చిల్లుంది! ఇది నా ఫిజీ పెన్నీయే!" రెండేళ్ల మనవరాలు మింగిన నాణేన్ని ఎక్స్‌రేలో పోల్చుకుని, ఆసుపత్రి అని కూడా చూడకుండా సుందరరామయ్య గంతేశాడు. ఆయన కొన్న పాత నాణేల గుట్టలో పది దేశాల చిల్లర ఉన్నా, ధర పలికేది అదొక్కటే.

"కంగారేం లేదంకుల్. రెండ్రోజుల్లో అదే బయటికొస్తుంది. డైపర్లో వెతుక్కోవడమే," అంది నర్సు మార్త.

కోడలు వీణ ఊపిరి పీల్చుకుంది. "దొరికింది దొరికినట్టే మీ చేతిలో పెడతాను మావయ్యగారూ. మొన్న మీ నాణేలు చింతపండుతో తోమితే, కడిగితే విలువ పోతుందని ఇల్లు పీకి పందిరేశారుగా!"

సుందరరామయ్య ఎక్స్‌రే వంక చూశాడు. కోడలి వంక చూశాడు.

"అమ్మాయీ," అన్నాడు మెల్లగా, "దారిలో ఐఎన్ఏ మార్కెట్ దగ్గర ఆగి, అరకిలో చింతపండు కొందామా?"