సైతాను పాట

సింగపూర్‌లోని క్లెమెంటిలో సూరమ్మ వాళ్ళ ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్న శశికాంత్‌కి పాటల పిచ్చి. అలాంటిలాంటి పాటలు కావు. డెబ్బైల్లో ఇటలీలో ఎవరూ కొనని క్షుద్ర సంగీతం. యూనివర్సిటీలో దాని మీదే పీహెచ్‌డీ.

సూరమ్మ తలుపు బాదింది. “ఆపవయ్యా ఆ దరిద్రం.”

శశికాంత్ తలుపు తీశాడు. లోపల సూరమ్మ కొడుకు ఏసుబాబు మంచం మీద కూచుని తల ఊపుతున్నాడు. మొన్ననే యాభై నిండాయి, బుద్ధి మాత్రం నిండలేదు.

“ఆంటీ, ఇది సైతాన్ని పిలిచే పూజ. ఎక్కడో దొంగచాటుగా రికార్డు చేశారట. ఆ కేకలు పెట్టేదెవరో ఎవరికీ తెలీదు. వెనకాల ముసలిగొంతు ఇటాలియన్‌లో ‘పాపిష్టిదానా’ అని తిడుతోంది కదా, ఆవిడ పూజారిణి.”

“పూజారిణని నీకెవడు చెప్పాడు?”

“వింటే తెలీట్లేదా? ఇక ఆ కేకలంటారా, అసలది మనిషి గొంతే కాదు. లోకంలో మిగిలిన కాపీ ఇదొక్కటే. ఇది లేకపోతే నా థీసిస్ లేదు.”

“భలేగుందమ్మా,” అన్నాడు ఏసుబాబు. “ఇంకోసారి పెట్టు తమ్ముడూ.”

సూరమ్మ మొహం జేవురించింది. “ఒరే, నువ్వు లేచి అవతలికి నడు. వినడానికి సిగ్గులేదూ?” శశికాంత్ వైపు తిరిగింది. “నువ్వు సాయంత్రానికల్లా గది ఖాళీ చెయ్యి.”

“చేస్తాలెండి. మీకు చర్చి పాటలు తప్ప ఇంకేం ఎక్కుతాయి?” అని శశికాంత్ స్నానానికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి ఇల్లంతా కాలిన కంపు. వంటింట్లో పెనం మీద రికార్డు మాడిన అట్టులా ముడుచుకుపోతోంది. సూరమ్మ అట్లకాడతో దాన్ని అదిమి పట్టుకుని నిలబడింది.

“మీరసలు మనిషేనా?” అన్నాడు శశికాంత్. సూట్‌కేసు సర్దుకుని బయటికి నడిచాడు. బతిమాలుకుంటూ ఏసుబాబు వెంటపడ్డాడు.

కోడలు గీతాంజలి ఉండబట్టలేకపోయింది. “కుర్రాడి బతుకు బుగ్గి చేశారు. మీ జపమాల మీరు తిప్పుకోక, అంత దెయ్యాల భయమేంటి అత్తయ్యా?”

సూరమ్మ పొయ్యి కట్టేసింది. లిఫ్టు కిందికి దిగిన చప్పుడు వినిపించేదాకా ఆగింది.

“దెయ్యమూ కాదు, భూతమూ కాదే, అవి ఇటలీలో, నేను కన్యాస్త్రీగా ఉన్న మఠంలో, నీ మొగుణ్ణి కంటూ నేను పెట్టిన కేకలు.”